వేరుసెనగను ఏరు పరారుణపు కన్ను

‘సార్టెక్స్ బియ్యము’ అను మాట హిందూపురపు అంగళ్లలో నేడు వినని గృహస్థుడు లేడు. సార్టెక్స్ అనునది వరిలో నొక రకము కాదు. ఆంగ్లదేశమున పుట్టిన యొక యంత్రపు కంపెనీ పేరు. ఆ యంత్రము బియ్యపుగింజలను ధారగా జాఱవిడిచి, దీపముల వెలుగున గింజగింజను చూచి, నల్లగింజయో, ఱాతిముక్కయో తగిలినప్పుడు గాలిని చివ్వున విడిచి దానిని ప్రక్కకు ఎగురగొట్టును. మన యింటి ఆడువారు చేట ముందు పెట్టుకొని చేయు పనినే అది గంటకు టన్నుల లెక్కన చేయును.

ఆ యంత్రము మన కంటికి కనబడు రంగులనే చూచును. దాని తరువాతి తరపు యంత్రము మన కంటికి కనబడని వెలుగులో చూచును. దానిని హైపర్‌స్పెక్ట్రల్ పరారుణ కెమేరా యందురు. ఐరోపా, అమెరికా ఖండముల కర్మాగారములలో పాఱవేసిన ప్లాస్టికును, పాతబట్టలను, ఆహారపు గింజలను ఏరుటకు ఇట్టి కెమేరాలను వాడుచున్నారు. ఇవి నేడో రేపో మన వేరుసెనగ బేరములోనికిని రాకమానవు. వచ్చినప్పుడు ఆ కన్ను ఎవరి వశమున నుండును? అది ఏరి పాఱవేసిన సరుకు ఎక్కడికి పోవును? ఈ రెండు ప్రశ్నలను సంఘ సభ్యులు ముందుగానే ఆలోచించుకొనవలెనని మా యభిప్రాయము.

మొదట ఈ వెలుగు సంగతి చెప్పెదము. 1800 సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యరశ్మిని గాజుపట్టకము గుండ పంపి, విడివడిన రంగులలో నొక్కొక్కదానియందు ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎఱుపు దాటిన తరువాత, ఏ వెలుగును కనబడని తావున, పాదరసము మఱింత పైకెక్కెను. ఎఱుపునకు ఆవలనున్న ఆ వెలుగునే పరారుణ మనుచున్నాము. మన కన్ను సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల తరంగములను మాత్రమే పట్టుకొనగలదు. సమీప పరారుణము అచ్చటినుండి 2,500 నానోమీటర్ల దాక సాగును.

ఈ మేరలో ప్రతి పదార్థమును తన గుట్టు తానే బయటపెట్టుకొనును. నీరు 1,450 నానోమీటర్ల దగ్గఱను, 1,940 దగ్గఱను వెలుగును మ్రింగివేయును. నూనె 1,200 దగ్గఱను, 1,720 దగ్గఱను మ్రింగును. మాంసకృత్తులకు వేఱు తావులు కలవు. కావున ఒక వస్తువుపై ఈ కాంతిని ప్రసరింపజేసి, ఏ తావున ఎంత తిరిగివచ్చినదో కొలిచినచో, అందు నీరెంత, నూనె యెంత యున్నదియు కోయకయే, నూఱకయే తెలియును. అమెరికా వ్యవసాయశాఖలో కార్ల్ నోరిస్ అను నతడు 1960 తరువాతి సంవత్సరములలో ధాన్యపు తేమను ఈ విధమున కొలుచుటకు దారి చూపెను.

మన నేలనుండియే యొక ఉదాహరణము తీసికొందము. పెనుగొండ, ధర్మవరము చేలలోని ఎఱ్ఱమట్టి పెళ్లయు, పొట్టు తీయని వేరుసెనగ గింజయు ఇంచుమించు ఒకే రంగు, ఒకే పరిమాణము. రంగును మాత్రమే చూచు యంత్రము వానిని పోల్చుకొనలేక తడబడును. మునిమాపు వేళ మనకును అదే గతి. పరారుణములో ఈ చిక్కు లేదు. గింజలో సుమారు సగము నూనె. మట్టిపెళ్లలో నూనె చుక్క యైనను లేదు. ఆ కంటికి ఈ రెండును కాకి, కొంగల వలె వేఱువేఱుగా కనబడును.

సామాన్యపు కెమేరా ప్రతి బిందువునకును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కొలతలు మాత్రమే తీయును. హైపర్‌స్పెక్ట్రల్ కెమేరా నూఱు, రెండునూఱుల కొలతలు తీయును. కదలు పట్టాపై గింజలు పోవుచుండగా అడ్డముగా నొక్కొక్క గీత చొప్పున చూచుచు పోవును. కంప్యూటరు ఆ కొలతల వరుసను తాను ముందు నేర్చుకొన్న వరుసలతో పోల్చి, చెడ్డదని తోచినచో కనుఱెప్పపాటున గాలిగొట్టమునకు ఆజ్ఞ యిచ్చును. ఇట్టి కన్నును మన దేశము ఆకాశమునకు గూడ పంపినది. 2018 నవంబరు 29న శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. సి-43 మోసికొనిపోయిన హైసిస్ ఉపగ్రహము నేలను, అడవులను, పైరులను ఈ విధముననే చూచుటకు నిర్మింపబడినది.

స్వీడను దేశమున మాల్మో పట్టణములో 2020లో సైప్టెక్స్ అను కర్మాగారమును నెలకొల్పి, పాతబట్టలను నూలు, పాలియెస్టరు మొదలగు జాతులుగా పరారుణము చేతనే వేఱుచేయ మొదలిడిరి. ధర్మవరపు నేతగాండ్రు ఈ సంగతిని చెవిని పెట్టుకొనదగును. పట్టు మాంసకృత్తు, పాలియెస్టరు మట్టినూనె సంతతి. తళుకు ఎంత సమానముగా నున్నను ఆ వెలుగులో నివి రెండును ఒకటి కాజాలవు. పట్టుచీర పేరిట మఱియొకటి అమ్ముడగు దినములలో ఇది చిన్న మాట కాదు. దానిని గూర్చి వారే వ్రాయుట యుచితము. మేము వేరుసెనగకు వత్తుము.

మన ప్రాంతమున బుడ్డలని, చెనక్కాయలని పిలుచుకొను ఈ పంటకు వానకొఱత యొకటే శత్రువని మనము తలంచుచుందుము. దానితోబాటు ఇంకొకటి కలదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియక చచ్చినవి. విచారింపగా అవి తిన్న వేరుసెనగ చెక్కలో, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించిన విషము కనబడెను. దానికి ఆఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి. అది కాలేయమును చెఱచును. ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా లోనికి పోయినను కాలేయపు పుట్టకుఱుపునకు దారితీయును. కోళ్ల సంగతి మనకేల అనువారు 1974ను గుర్తుచేసికొనవలెను. ఆ యేట రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలోని బాన్స్‌వారా, పంచమహల్ జిల్లాల పల్లెలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించిరి. అచ్చటికి పోయి ఆ వ్యాధిని పరిశీలించి ప్రకటించినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు.

ఈ బూజు నేలలోనే యుండును. కాయ ఊరు కడపటి వారములలో వాన ముఖము చాటువేసి, నేల కాగి, కాయ నెఱ్ఱెలు పట్టినప్పుడు అది లోనికి దూరును. ఉమ్మడి అనంతపురము జిల్లాకు ఏటి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కావున దిగుబడి తగ్గిన యేటనే విషమును ఎక్కువగును. గోరుచుట్టుపై రోకటిపోటనగా నిదియే.

ఐరోపా సమాఖ్యవారు నేరుగా తినుటకు అమ్ము వేరుసెనగలో ఈ విషము మొత్తము కిలోకు 4 మైక్రోగ్రాములు, అనగా వంద కోట్ల పాళ్లలో నాలుగు పాళ్లు, మించరాదని నియమించిరి. కాని ఏరుటకు గాని, శుద్ధిచేయుటకు గాని ఉద్దేశించి తెచ్చు సరుకులో 15 వఱకు ఒప్పుకొనిరి. ఈ భేదమును మన సభ్యులు జాగ్రత్తగా గమనింపవలెను. ఏరుట యను పనికి ఎంత విలువ కలదో ఆ నియమమే చెప్పుచున్నది. 15 ఉన్న సరుకును కొని, ఏరి, 4కు దింపి యమ్మువానికి ఆ రెంటి నడుమనున్న ధర దక్కును.

ఏరుట వలన ఇంత ఫలమెట్లు కలుగును? విషము కుప్పయంతటను సమముగా వ్యాపించి యుండదు. వేలకొలది గింజలలో ఏవో కొన్ని మాత్రమే కుప్పనంతటిని చెఱుపగల విషమును మోయుచుండును. ఆ కొన్నిటిని తీసివేసినచో మిగిలినది మేలిమి సరుకు. అమెరికాలోను, చైనాలోను శాస్త్రజ్ఞులు పరారుణ కెమేరాలతో బూజుపట్టిన గింజలను గుర్తుపట్టుటకు అనేక ప్రయోగములు చేసియున్నారు. అందు చాలవఱకు కృతకృత్యులైరి.

అయినను ఆ యంత్రమును దేవుని కన్నుగా భావింపరాదు. అది విషమును నేరుగా చూడదు. ఆ విషము అంత స్వల్పము. బూజు వలన గింజయందలి నూనె, తేమ, మాంసకృత్తులు మాఱిన జాడను చూచి, ఇది చెడినదని ఊహించును. వెలుగు గింజలోనికి కొన్ని మిల్లీమీటర్లకు మించి పోదు. పైగా కొన్నిచోట్ల అది పూర్తిగా గ్రుడ్డిదగును. ప్లాస్టికునకు నలుపుకొఱకు కలుపు మసి ఆ వెలుగునంతటిని మ్రింగివేయును. పెనుగొండ మండలము ఎర్రమంచి వద్ద 2019లో కారులు చేయుట ప్రారంభమైన కియా కర్మాగారము మనకందఱకు తెలిసినదే. కారులకు ముందు వెనుకల బిగించు నల్లని ప్లాస్టికు భాగములు పాతబడి తుక్కునకు చేరిన నాడు, సమీప పరారుణపు కన్ను వాని ముందు చిన్నబోవును. ఇందువలన యంత్రపు మాటతోబాటు ప్రయోగశాల పరీక్షయు జరుగుచుండవలెను.

ఇక బేరపు సంగతి. నేడు మండీలో వ్యాపారి గుప్పెడు కాయలను వలిచి, గింజను వ్రేళ్ల నడుమ నలిపి, ఒకటి నోట వేసికొని ధర చెప్పును. రైతును అట్లే చూడగలడు. ఇద్దఱి కండ్లును సమానములే. ధర తక్కువైనదని రైతు వాదింపవచ్చును, పోట్లాడవచ్చును, బండి త్రిప్పుకొని పోవచ్చును. పరారుణపు కన్ను ఒకరి కొట్టులోనే వెలసిన నాడు ఈ సమానత్వము పోవును. కొనునప్పుడు కుప్పకంతకును ఒకటే ధర. కొట్టులోనికి పోయిన తరువాత ఆ కుప్పయే మూడు కుప్పలగును: ఒకటి విదేశములకు, ఒకటి మన పట్టణములలోని మిఠాయి అంగళ్లకు, ఒకటి గానుగకు. మూడింటి లెక్కయు వ్యాపారికే తెలియును. రైతునకు తెలియునదెల్ల ‘యంత్రము ఇంత తరుగు చెప్పినది’ అను మాటయే. మనిషి మాటకు ఎదురాడవచ్చును. యంత్రపు మాటకు ఎదురాడువాడెవ్వడు?

వ్యాపారి తన డబ్బుతో తెచ్చుకొన్న యంత్రముపై మనకేమి హక్కని కొందఱు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. యంత్రముపై మనకు హక్కు లేదు. మన సరుకును గూర్చి అది చెప్పిన మాటపై మనకు హక్కు కలదు. 2016లో ప్రారంభమైన ఇ-నామ్ పద్ధతిలో సరుకు గుణమును పరీక్షించి, వ్రాతమూలముగా తెలిపి, పిమ్మట వేలము వేయవలెనన్నది ముఖ్యోద్దేశము. పరారుణ యంత్రమునకును ఆ మర్యాదయే పట్టించవలెను. ఏ కుప్పలో నూటికెంత మేలు, ఎంత మధ్యమము, ఎంత చెత్త తేలినదో చీటీ వ్రాసి రైతుచేతికి ఇయ్యనిచో, ఆ యంత్రము చూపిన తరుగును మనము ఒప్పుకొనరాదు.

అంతకన్న మేలు మార్గము, కొన్ని సంఘములు కలిసి ఆ యంత్రమును తామే నెలకొల్పుట. దాని వెల రంగుల యంత్రము కంటె అనేక రెట్లు. ఏ ఒక్క గ్రామ సంఘమునకును శక్యము కాదు. వేరుసెనగ కొఱకు మాత్రమే తెచ్చినచో అక్టోబరు, నవంబరు కోతల తరువాత కొన్ని నెలలు పనిచేసి తక్కిన కాలము ధూళి పట్టి యుండును. కాని హిందూపురము పలు సరుకుల సంత. చింతపండు కరిపులి, ఫ్లవర్ అని వేఱుపడి ధర పలుకునది ఇచ్చటనే. మిరపకాయయు ఇచ్చటికే వచ్చును. పట్టుగూళ్ల మార్కెట్టును కలదు. అచ్చట కొనువారు గూటిని ఊపి, ఒకటి రెండు కోసి, లోని పురుగు చచ్చినదా బ్రతికినదా యని చూచుచుందురు. కోయకయే లోపలి సంగతి చెప్పుటకు పరారుణము తగియుండునేమో కిరికెరలోని పట్టుపరిశ్రమ పరిశోధనా సంస్థవారు పరీక్షించి చెప్పినచో రైతులకును, దారము తీయువారికిని గొప్ప యుపకారమగును. ఒక యంత్రమును నాలుగు సరుకులకు నాలుగు పాఠములు నేర్పి వాడుకొనవచ్చును. డబ్బు సంగతియు నిరాశపడదగినది కాదు. 2020లో కేంద్ర ప్రభుత్వము ఏర్పఱచిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి పథకమున, సరుకును ఏరి వర్గీకరించు కేంద్రములకును చోటిచ్చి, 2 కోట్ల రూపాయల వఱకు అప్పుపై నూటికి 3 వంతున వడ్డీ రాయితీ నిర్ణయించిరి. అట్టి పథకములను వ్యాపారులు చదివినంత శ్రద్ధగా మన సంఘములు చదువుటలేదు.

సంఘము చేతిలో పరీక్ష యున్నచో ఏమగునో తెలియుటకు ఆఫ్రికాలోని మలావీ దేశమును చూడుడు. అచ్చటి చిన్నరైతుల జాతీయ సంఘము, ఆఫ్లాటాక్సిన్ కారణమున మూతబడిన ఐరోపా బేరమును, మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ సాయముతో స్వల్పవ్యయపు పరీక్షా విధానమును నెలకొల్పుకొని తిరిగి సంపాదించుకొన్నది. అందు వాడినది పరారుణపు కన్ను కాదు, అంతకంటె చౌకయైన రసాయన పరీక్ష. అయినను పరీక్ష రైతుల సంఘపు వశమున నుండుటయే వారికి బలమైనది.

రెండవ ప్రశ్న యొకటి మిగిలినది. దీనిని గూర్చి ఎవ్వరును మాటలాడకుండుట మాకు ఆశ్చర్యముగా నున్నది. యంత్రము విషమును నశింపజేయదు. ఒక మూలకు చేర్చును. వేయి బస్తాలలో చెదరియున్న విషము ఏరిన తరువాత ఇరువది బస్తాలలో కూడుకొనును. తొమ్మిదివందల ఎనుబది బస్తాలు శుభ్రములై ఓడ యెక్కును. ఆ ఇరువది ఎక్కడికి పోవును? చౌకగా వచ్చినదని గానుగవాడు కొనును. గానుగనూనెలోనికి విషము కొంత దిగును. అధికభాగము చెక్కలో మిగులును. ఆ చెక్కను మన ఆవులు, గేదెలు తినును. తిన్న విషములో కొంత రూపు మార్చుకొని పాలలోనికి వచ్చును. పాలలో నిది కిలోకు అర మైక్రోగ్రాము మించరాదని మన దేశపు ఆహార నియమము. ఆ పాలు త్రాగువారు మన బిడ్డలు. ఇంగ్లండువాని పళ్లెము శుభ్రపడి, మన పల్లె పిల్లవాని గిన్నె చెడుట ఏరుట యనిపించుకొనదు. యంత్రము సంఘముదైనను, వ్యాపారిదైనను, పాఱవేసిన సరుకునకు వేఱుగా చిట్టా యుండవలెను: ఎన్ని కిలోలు తేలినది, ఎవరు తీసికొనిరి, దేనికి వాడిరి. విషము మీఱిన దానిని తినుటకు గాని, మేతకు గాని పోనీయక తగులబెట్టవలెను. దానివలన కలుగు నష్టము రైతు నెత్తినే పడకుండ, మేలి సరుకు లాభమునుండి పూరింపవలెను.

కూలి స్త్రీల సంగతియు మఱువరాదు. కాయలు వలుచు మిల్లులలో గింజలు ఏరుచు దినము గడుపుకొను స్త్రీలు మన కుటుంబములవారే. యంత్రము వచ్చిన నాడు మొదట పోవునది వారి కూలియే. యంత్రము రాకుండ ఆపుట మన చేతిలో లేదు గాని, అది సంఘముదైనచో, దాని ముందు నిలిచి నడుపుటకు, నమూనాలు తీయుటకు, చీటీలు వ్రాయుటకు వారినే తర్ఫీదు చేయుమని శాసింప గలము. చేతితో ఏండ్ల తరబడి ఏరిన దానికి తెలిసినంత, చెడ్డగింజ మొగము మఱి యెవ్వరికి తెలియును? యంత్రమునకు మొదటి పాఠము నేర్పవలసినది ఆమెయే.

ఈ పాఠము ముఖ్యమైనది. కంప్యూటరు ముందు చూచినదానినే గుర్తుపట్టును. అమెరికాలోని జార్జియా గింజలతో నేర్చుకొన్న యంత్రము కదిరి పరిశోధనా కేంద్రమునుండి వచ్చిన కె-6ను గాని, కదిరి లేపాక్షిని గాని చూచి, పొట్టు రంగు, నూనె పాలు వేఱగుటచే మంచిదానిని చెడ్డదను ప్రమాదము కలదు. అట్టి పొరపాటునకు వెల చెల్లించువాడు రైతు. కనుక ఈ కోతలనుండియే హిందూపురము, పెనుగొండ, ధర్మవరము ప్రాంతముల సంఘములు ఒక్కొక్క రకమునుండి, ఎఱ్ఱనేల, నల్లనేల వేఱుగా, మంచి గింజలను, బూజుగింజలను, పుచ్చులను, మట్టిపెళ్లలను సీసాలలో పోసి, ఊరును, తేదిని వ్రాసి భద్రపఱచవలెనని మా సూచన. ఇందుకు ఖర్చు లేదు. యంత్రము ఎవరు తెచ్చినను, ‘ముందు దీనికి మా గింజలను చూపించుడు’ అని అడుగుటకు ఆ సీసాలే మనకు ఆధారము.

యంత్రము వచ్చుదాక చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పనియు లేదు. పెఱికిన కాయను కుప్పవేయక వెంటనే ఎండనిచ్చుట, పగిలిన కాయలను, ముదరని కాయలను చేనియొద్దనే వేఱుచేయుట, బస్తాలను నేలపై గాక చెక్కలపై పేర్చుట ఎవ్వరైనను చేయగలరు. ఒక దురాచారమును మాత్రము ఈ యేడే మానవలెను. యంత్రముపై వలుచునప్పుడు గింజ విఱుగకుండుటకని, తూకము కలిసివచ్చుననియు, కాయలపై నీళ్లు చల్లుచున్నారు. ఎండబెట్టి చంపిన బూజును ఆ రాత్రియే తిరిగి బ్రతికించుట యది. పరారుణపు కంటికి 1,450 నానోమీటర్ల దగ్గఱ మొట్టమొదట కనబడునది ఆ నీరే.